పడవలకు విడిదిండ్లు

అజీజ్‌నగరునకు సముద్రము కడుదూరము. తూర్పునకు బోయినను, పడమటికి బోయినను నూరుమైళ్లకు మించి నడచినగాని ఉప్పునీరు కంటబడదు. అయినను మా యూరివారికి నీరు పరాయిది కాదు. చేవెళ్లకు బోవు బాటమీద, మొయినాబాదు మండలములోని యీ గ్రామము, ఉస్మాన్‌సాగరు ఒకవైపునను, హిమాయత్‌సాగరు మరియొకవైపునను ఉండగా నడుమ నెలకొనియున్నది. 1908 లో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసిన పిదప, వరదను ఆపుటకును పట్టణమునకు త్రాగునీ రిచ్చుటకును కట్టించిన జలాశయము లివి. మొదటిది 1920 లోను, రెండవది 1927 లోను పూర్తియైనవి.

ఒకనాటి సాయంకాలము మేము ఇంటిల్లిపాదియు హిమాయత్‌సాగరు ఒడ్డునకు బోయితిమి. బెస్తవాని చిన్నపడవ యొకటి గట్టునకు వచ్చినది. అతడు దిగి, మోకును ఒక రాతికి రెండు చుట్లు చుట్టి, చేపల బుట్టను భుజమున వేసికొని వెడలిపోయెను. దానిని చూచుచు మా నాయనమ్మగారు, "బిడ్డా, ఆడపిల్లలు పడవ మీద దునియా అంత తిరిగొచ్చిండ్రంటిరి గద. మరి పొద్దూకినంక పడవ యాడ కట్టిండ్రు?" అని యడిగినారు.

మేము నవ్వితిమి గాని, పిమ్మట ఆలోచించి చూడగా ఆ ప్రశ్న నవ్వవలసినది కాదు. ప్రయాణమునుగూర్చి పత్రికలు వ్రాయునప్పుడు గాలిని, అలలను, సాహసమును వర్ణించును. పడవ ఒడ్డునకు వచ్చిన తరువాత ఏమగునో, దానిని ఎవరు కట్టుదురో, నీరెవరు పట్టుదురో, చినిగిన చాపను ఎవరు కుట్టుదురో వ్రాయవు. ఇల్లు నడపు స్త్రీకి మొదట తోచున దిదియే. కావున నాయనమ్మగారికి మేము చెప్పిన సమాధానమునే సోదరీమణులకును విన్నవించుచున్నాము.

ఆమె యడిగిన పడవ పేరు తారిణి. అది భారత నౌకాదళమువారి తెరచాప పడవ. గోవాలోని ఆక్వేరియస్ షిప్‌యార్డులో తయారై, 2017 ఫిబ్రవరి 18 న దళమున జేరినది. పొడవు 56 అడుగులు. చాపకొయ్య మాత్రము 25 మీటర్ల యెత్తు. గంజాము ప్రాంతమున కొండమీద వెలసిన తారా తారిణీ దేవతల పేరు దానికి పెట్టినారు. ఓడవ్యాపారులకును నావికులకును ఆ యమ్మ యిలవేలుపని ప్రతీతి. గంజాము 1936 వరకు మద్రాసు రాజధానిలోని భాగము. ఇప్పు డది ఒడిశాలో నున్నది.

ఆ పడవ నెక్కి ఆరుగురు స్త్రీలు 2017 సెప్టెంబరు 10 న గోవానుండి బయలుదేరిరి. నాయకురాలు వర్తికా జోషి. తక్కినవారు ప్రతిభా జమ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా, విశాఖపట్టణమునకు చెందిన పి. స్వాతి, హైదరాబాదునకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. ఆరుగురిలో ఇద్దరు మన తెలుగుపిల్ల లగుట గమనింపదగినది. వారిని సాగనంపిన నాటి రక్షణమంత్రి నిర్మలా సీతారామన్ గారును తెలుగింటి కోడలే. వారు ఆస్ట్రేలియాలోని ఫ్రిమాంటిల్, న్యూజీలాండులోని లిటిల్టన్, ఫాక్‌లాండు దీవులలోని పోర్టు స్టాన్లీ, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను రేవులలో నాగి, భూగోళమును చుట్టి, 254 దినములకు 2018 మే 21 న గోవా చేరిరి. నడచిన దూరము సుమారు 21,600 సముద్రపుమైళ్లు.

నడిసముద్రమున పొద్దుక్రుంకినపుడు పడవను ఎక్కడను కట్టరు. లంగరు వేయుటకు అడుగు అందదు. చాపలను గాలి కనుగుణముగ దించియో ఎత్తియో, రాత్రియెల్ల నడుపుచునే యుందురు. ఇద్దరు మేలుకొని చుక్కానిని కాచుచుండగా తక్కినవారు కునుకుదీయుదురు. నాలుగేసి గంటలకు వంతు మారును. పసిబిడ్డగల తల్లికి ఈ నిద్రతీరు వివరించి చెప్ప నక్కరలేదు. పసిఫిక్కు మహాసముద్రపు దక్షిణభాగమున గంటకు నూటపది కిలోమీటర్లను మించిన గాలులును, మూడంతస్తుల మేడయెత్తు అలలును వారిని ఎదుర్కొనెను. అట్టిచోట పడవలోని యే వస్తువును పెట్టినచోట నుండదు. ఇన్ని వారముల పిమ్మట ఒక రేవు కనబడిన దన్నచో అది వారికి ఎట్టిదో ఊహింపుడు.

ఇక రేవుసంగతి. పెద్ద యోడలు నిలుచు రేవులలో చిన్న తెరచాప పడవలకు వేరుగ నొక మూల నుండును. దానిని మెరీనా యందురు. చుట్టును రాతికట్ట కట్టి అలలను ఆపుదురు. లోపల నీరు చెరువువలె నిశ్చలముగ నుండును. ఆ నీటిమీద చెక్కతోగాని కాంక్రీటుతోగాని చేసిన తేలెడు వంతెనలు, వానినుండి వేళ్లవలె చీలిన చిన్న చిన్న కాలిబాటలు నుండును. రెండు వేళ్ల నడుమనున్న సందే ఒక పడవకు ఇల్లు. దానిని బెర్తు అందురు. ఆటుపోటులతో నీరు పెరిగినపు డా వంతెనయు పెరుగును, తగ్గినపుడు తగ్గును. పడవయు వంతెనయు కలిసియే లేచి దిగుటచే మోకులు తెగవు.

తేలెడు వంతెన లేక రాతిగట్టునకే కట్టవలసివచ్చినపుడు మోకు సంగతి జాగ్రత్తగ చూడవలెను. పాడియావును కట్టు పలుపు మరీ కురుచయైన మెడకు ఉరి, మరీ పొడుగైన కాళ్లకు చుట్టు. పడవమోకును అట్టిదే. ముక్కున నొకటి, వెనుకతట్టున నొకటి కట్టినంత చాలదు. పడవ ముందునకు వెనుకకు ఊగకుండ ఏటవాలుగ మరి రెండు కట్టుదురు. గాలి నింపిన రబ్బరు దిండ్లను ప్రక్కలకు వ్రేలాడదీయుదురు. లేనిచో ఒక్కరాత్రి గట్టునకు ఒరసికొనినంత పడవ చర్మ మూడిపోవును. కొన్ని ద్వీపములలో చోటు చాలక, ముందుతట్టున లంగరు వేసి, పడవను వెనుకకు నడపి, వెనుకతట్టును మాత్రమే గట్టునకు కట్టుదురు. బండ్లసంతలో ఎడ్లబండ్లు వరుసగ నిలిపినట్లుండును. ఇది గాలిలో చేయుట కష్టము. పొరుగు పడవవారు తమ పడవను తాకుదురేమో యని దిండు చేతబట్టుకొని నిలుచుందురు.

కట్టుటకు ముందు మర్యాద లున్నవి. రేవు దాపునకు రాగానే తంతిలేని టెలిఫోనులో రేవు అధికారులను పిలిచి, పడవ పేరును, దేశమును, ఎందరున్నారో చెప్పవలెను. తమ దేశపు జెండాతోపాటు అతిథిదేశపు జెండాను కుడివైపున ఎగురవేయవలెను. అదికాక పచ్చని పసుపురంగు జెండా యొకటి. "మా పడవలో రోగములు లేవు, మమ్ము లోనికి రానిండు" అని దాని యర్థము. ఆరోగ్యాధికారి, వలసల అధికారి, సుంకపు అధికారి వచ్చి కాగితములు చూచి సరేయనువరకు నెవరును నేలమీద కాలు పెట్టరాదు. నెలదినములు నేలను చూడనివారు గట్టునకు మూరెడు దూరమున కూర్చుండి కాగితములకై వేచియుండుట మాకు కొంత క్రూరముగనే తోచినది. కాని పూర్వము ఓడలతో కలరాయు మశూచియు వచ్చి దీవులకు దీవులే తుడిచిపెట్టుకొని పోయినవని చదివినవారు ఈ నియమమును తప్పుపట్టరు.

అనుమతి దొరకిన తరువాత మెరీనావారి పని మొదలగును. ప్రతి బెర్తుప్రక్కను నడుమెత్తు గుంజ యుండును. అందులో నొకవైపు మంచినీటి కుళాయి, ఒకవైపు విద్యుత్తు. రెండింటికిని మీటర్లుండును. స్నానపుగదులు, బట్టలుతుకు యంత్రములు, చెత్తకుండీలు, మురుగును పీల్చివేయు గొట్టము, నూనె నింపు చోటు, కూరగాయలు తెచ్చియిచ్చువారు నుందురు. చాపలు కుట్టువాడు, కొయ్యయెక్కి తీగలు బిగించువాడు, యంత్రము చూచువాడు వేరువేరు. పడవ అడుగున నాచును నత్తగుల్లలును పట్టినచో నడక మందగించును. అప్పుడు దానిని పెద్ద పట్టెలలో ఊయలవలె ఎత్తి, నేలమీద నిలిపి, గీకి, నత్తలు పట్టని రంగు పూయుదురు. అద్దె పడవ పొడవునుబట్టి దినమునకింత యని. రెండు దోనెలు జోడించిన వెడల్పు పడవకు ఎక్కువ పుచ్చుకొనుట కలదు. అంత యిచ్చుకొనలేనివారు రేవులో దూరముగ లంగరు వేసికొని, చిన్న దోనెలో గట్టునకు వచ్చి, బిందెలతో నీరు మోసికొని పోవుదురు. ప్రపంచ మెల్లెడల ధనికునికి కుళాయి, పేదకు బిందె.

నాలుగు రేవులతో ముగియవలసిన తారిణి ప్రయాణము ఐదవ రేవునకును బోయెను. 2018 మార్చి 14 న కేప్‌టౌను విడిచి ఇంటిముఖము పట్టిరి. ఆ యేటి యుగాది మార్చి 18. అనగా మన యిండ్లలో వేపపూత పచ్చడి కలుపుకొను దినమున వారు నడిసముద్రమున నున్నారు. దారిలో చుక్కాని త్రిప్పు ఏర్పాటు పాడయ్యెను. పడవలో చక్రమును త్రిప్పినచో ఆ కదలిక లోపలి ఏర్పాటుద్వారా అడుగున నీటిలోనున్న చుక్కానికి చేరవలెను. ఆ లంకె తెగినచో చక్రము ఎంత త్రిప్పినను పడవకు వినబడదు. తిరుగలి పిడి ఊడిన తరువాత రాతిని చేతితో నెట్టినట్లు. గాలి చాపను లాగుచునే యుండును. అల వచ్చి పడవను అడ్డముగ త్రిప్పును. అడ్డము తిరిగిన పడవమీద తరువాతి అల విరుగును. ఇట్టి స్థితిలో గోవా వందలకొలది యామముల దూరము. వారు దగ్గరనున్న మారిషసు ద్వీపమువైపు మొగ్గి, ఏప్రిల్ 18 న పోర్టు లూయీ రేవున కట్టిరి. అచ్చట బాగుచేయించుకొని తిరిగి బయలుదేరిరి. ఆ మూలల నొక దీవియు, ఆ దీవికొక రేవును లేకున్నచో, 254 దినముల కథ వేరొక రీతిగ ముగిసెడిది కావచ్చును.

పోర్టు లూయీ పేరు వినగానే తెలుగు స్త్రీలకు మరియొక సంగతి జ్ఞప్తికి రావలెను. తారిణి చేరిన రేవులోనే, నీటియంచున, పాత రాతికట్టడ మొకటి కలదు. దానిని ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అందురు. పూర్వపు పేరు కూలీఘాట్. 1849 నుండి కట్టబడిన యీ చోట, ఓడ దిగిన భారతీయ కూలీలను నిలిపి, పేర్లు వ్రాసికొని, చెరకుతోటలకు పంచిపెట్టెడివారు. 1834 కును 1920 కును నడుమ నించుమించు ఐదులక్షలమంది వచ్చిరి. కొందరు మారిషసులో నిలిచిరి, కొందరిని అక్కడినుండి ఆఫ్రికాకును కరిబియను ద్వీపములకును పంపిరి. 2006 లో ప్రపంచ వారసత్వ స్థలముగ దానిని గుర్తించిరి.

ఆ వచ్చినవారిలో మన తీరపువారును గలరు. విశాఖపట్టణము, కోరంగి, కాకినాడలనుండి బయలుదేరిన తెలుగువారు. వారిలో స్త్రీలు. చేత బిడ్డ, చంక మూట, ఐదేండ్ల ఒప్పందపు కాగితముమీద వ్రేలిముద్ర. వారిని రేవున దింపి ఆరోగ్యము చూచినవారును, పేరు వ్రాసినవారును ఉన్నారు గాని, వారు తిరిగి ఎప్పుడు పోవలెనో వా రెంచుకొనలేదు. తారిణి స్త్రీలు అదే నీటిమీద వచ్చి, తమ పడవను తామే కట్టి, బాగైన తరువాత తామే విప్పుకొని పోయిరి. మధ్య నూటయేబది యేండ్లకు మించి గడచినవి. మాకు ఈ రెండు రాకలను ఒకచోట పెట్టి చూడకుండ నుండుట సాధ్యము కాలేదు.

మారిషసు తెలుగువారు ఇప్పటికిని సింహాద్రి అప్పన్నను కొలుచుచున్నారు. రామభజనలు చేయుదురు. ఉగాది అక్కడ ప్రభుత్వపు సెలవుదినము. 1990 లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడనే జరిగినవి.

కోరంగి ప్రస్తావన వచ్చినది గనుక ఒకమాట. పడవలకు విడిది యిచ్చుట మనవారికి తెలియని విద్యయని తలపరాదు. గోదావరి సముద్రమున గలియుచోట నున్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టుటకును, దెబ్బతిన్న ఓడలను నదిలోనికి దెచ్చి బాగుచేయుటకును పేరెన్నికగన్నది. తూర్పుతీరమున కలకత్తాకును తిరుకోణమలైకిని నడుమ ఓడ బాగుచేయించుకొనుటకు వేరు చోటు లేకుండెనని చెప్పుదురు. 1839 లో ఉప్పెన వచ్చి ఊరిని ఊడ్చివేసినది. ఓడలు ఊరిలోపలికి కొట్టుకొనివచ్చినవి. తరువాత నది మేటవేసినది. కాకినాడ పెరిగినది. నేడు కోరంగికి బోవువారు మడయడవులను చూచి వచ్చుచున్నారు.

ఉప్పెన మాట దీవుల రేవులన్నిటికిని వర్తించును. పోర్టు లూయీ అను పేరుగల మెరీనా కరిబియను సముద్రమున గ్రెనడా ద్వీపపు రాజధాని సెయింట్ జార్జెస్‌లోను గలదు. ధనికుల విహారనౌకలు శీతకాలమంతయు అక్కడ విడియును. జూను మొదలు నవంబరువరకు ఆ సముద్రమున తుపానుల కాలము. గ్రెనడా దక్షిణముగ నుండుటచే తుపానులు దాని జోలికి రావను నమ్మకమున, ఆ నెలలలో అనేకులు తమ పడవలను అక్కడ నొడ్డున ఎక్కించి పోయెడివారు. 2004 సెప్టెంబరు 7 న ఐవన్ అను తుపాను తిన్నగ ద్వీపముమీదనే వచ్చి పడెను. ఇండ్లలో పదింట తొమ్మిదింటికి దెబ్బ తగిలెను. గట్టున నూతకఱ్ఱలపై నిలిపిన పడవలు ఒకదానిమీద నొకటి, వరుసగ నిలిపిన పలకలవలె పడిపోయెను. అప్పటినుండి పడవలను నేలలో పాతిన లంగరులకు పట్టెలతో బిగించి కట్టుట అలవాటైనది. మారిషసునకు తుపానుకాలము వేరు, నవంబరు మొదలు వేసవివరకు. తారిణి ఏప్రిల్ నడుమ వచ్చుటచే ఆ కాలపు చివరిభాగము తగిలినది.

మన హైదరాబాదు మాట. ఇక్కడ మెరీనా లేదు, అలలు లేవు. కాని హుస్సేన్‌సాగరున తెరచాప పడవలు తిరుగుచున్నవి. సైన్యమువారి శిక్షణతోపాటు, 2009 లో ఏర్పడిన హైదరాబాదు యాట్ క్లబ్బువారు బీదయిండ్ల పిల్లలను తెచ్చి నేర్పుచున్నారు. ఆ పిల్లలలో బాలికలు చాలమంది. అట్లు నేర్చిన కొంగర ప్రీతి 2023 లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో మనదేశము పక్షమున పడవ నడిపినది. ఇచ్చటి పడవలు చిన్నవి గావున బెర్తులు అక్కరలేదు. పని ముగియగానే చక్రముల బండిమీద ఎక్కించి, చాప విప్పి, మంచినీటితో కడిగి, బోర్లించి కప్పుదురు. కడుగుట తప్పించుకొన వీలులేదట. పాత్రలు తోమక పడుకొనిన యింట మరునాడు ఎట్లుండునో అక్కడను అంతే. పిల్లలను పంపదలచు తల్లులు మొదట ఈత నేర్పింపవలెను. తేలుటకు వేసికొను చొక్కా లేకుండ నీటిమీదికి పోనీయరాదు.

తారిణి మాత్రము ఊరకుండలేదు. 2024 అక్టోబరు 2 న మరల గోవా విడిచినది. ఈ మారు ఇద్దరే స్త్రీలు, దిల్న, రూప. అదే నాలుగు రేవులలో కట్టి, 2025 మే నెలాఖరున తిరిగివచ్చిరి.

ఇదంతయు విని నాయనమ్మగారు, "మరి బట్టలు యాడ ఉతికిండ్రు?" అన్నారు. రేవులో యంత్ర మున్నదని మేము చెప్పితిమి. నడిసముద్రములో ఉప్పునీట ఉతికినచో ఆరవని ఆమెయే చెప్పినారు.

మరునాడు బెస్తవాడు మరల గట్టునకు వచ్చినపుడు మా యింటి చిన్నది పరుగున బోయి, "కాకా, గా ముడి నాకు నేర్పు" అన్నది. అతడు మోకుకొన నామె చేతి కిచ్చి, ఉచ్చు వేయించి, కొనను క్రిందినుండి పైకి తెప్పించి, కొయ్య చుట్టును త్రిప్పి మరల అదే ఉచ్చులో దింపించెను. లాగినకొలది బిగియును గాని ఉరిపడదు, విప్పుటకు వ్రేలితో నెట్టిన చాలును. ఆమె రెండు మారులు తప్పినది.